ఒంటరి సూరమ్మ దీపం

మా మాతామహులు కూర్మనాథశాస్త్రిగారికి ఒక అలవాటు ఉండేదట. శిష్యుడు ఏదైనా అడిగితే వెంటనే జవాబు చెప్పేవారు కారు. భుజాన ఉన్న పైపంచె తీసి, దులిపి, అంచులు కలిపి, మళ్ళీ మడత పెట్టుకునేవారు. ఆ మడత పూర్తయ్యేలోగా అడిగినవాడికే తన ప్రశ్న చిన్నదిగా తోచి లేచిపోతే సరే. లేవకపోతే అప్పుడు నోరు విప్పేవారు. విప్పినా శాస్త్రం ఎత్తేవారు కారు. తాను కళ్ళారా చూసిన సంగతి ఏదో ఒకటి చెప్పి ఊరుకునేవారు. ఆయన వసారాలో చెబుతుంటే లోపల గుమ్మం పక్కన బియ్యం ఏరుతూ మా అమ్మ వినేది. అమ్మ విన్నవి నాకు వచ్చాయి. ఇది వాటిలో ఒకటి.

నీలాచలం అనే ఆయన తాతగారి దగ్గర వేదం చెప్పుకోవడానికి వచ్చేనాటికి ముప్ఫై దాటినవాడు. ఎనిమిదో ఏట తండ్రి దగ్గర సంధ్యావందనం నేర్చుకున్నాడు. తల్లీతండ్రీ పోయాక ఊళ్ళో ఒక్కడే ఉంటూ, ఒక్కడే వండుకుంటూ, మూడు పూటలా సంధ్య మాత్రం వదలకుండా చేసుకున్నవాడు. ఒకనాడు వల్లె వేయిస్తుండగా సూర్యోపస్థానంలో ఒక మాట దగ్గర తాతగారు ఆపారు. హ్రస్వం పలకవలసిన చోట దీర్ఘం పలుకుతున్నాడు. దానితో మాట అర్థమే వేరైపోతోంది.

"ఇలా ఎవరు చెప్పారు నాయనా?" అన్నారు తాతగారు.

"మా నాన్నగారండి."

తాతగారు సరిచేసి ముందుకు వెళ్ళిపోయారు. నీలాచలం వెళ్ళలేకపోయాడు. మూడు రోజులు విస్తరి ముందు కూర్చుని లేచాడట. మా అమ్మమ్మ వడ్డించిన మజ్జిగ కూడా అలాగే వదిలేశాడట. నాలుగో రోజు మధ్యాహ్నం తాతగారి ముందు చతికిలబడి అడిగాడు:

"ఇరవై రెండేళ్ళు గురువుగారూ. ఒక్క పూట మానలేదు. ఇంట్లో మాట్లాడడానికి ఎవరూ లేరు కాబట్టి, రోజూ నేను నోరు విప్పి గట్టిగా మాట్లాడింది ఆ సూర్యనారాయణుడితోనే. ఆ పిలుపే తప్పని ఇప్పుడు తెలిసింది. మరి అన్నేళ్ళూ నేను ఎవరితో మాట్లాడినట్టు?"

తాతగారు పైపంచె దులిపారు. అంచులు కలిపారు. మడత పెట్టి భుజాన వేసుకున్నారు. నీలాచలం కదల్లేదు. అప్పుడు ఆయన చెప్పారు.

వంశధార సముద్రంలో కలిసే దిక్కున అర్కవలస అని ఒక ఊరు ఉంది. ఇసుక దిబ్బలు, మొగలిపొదలు, జీడితోపులు. ఊరి చివర నల్లరాతితో కట్టిన సూర్యదేవాలయం. ఏ కళింగ రాజు కట్టించాడో ఊళ్ళో ఎవరికీ తెలియదు. ఒంటి సూర్యనారాయణస్వామి అంటారు. సూర్యుడి విగ్రహం ఎక్కడున్నా అటూ ఇటూ దేవేరులు ఉండడం మామూలు. అర్కవలసలో లేరు. స్వామి రెండు చేతులా తామరలు పట్టుకుని ఒక్కడే నిలబడి ఉంటాడు. అందుకు ఒక కథ చెబుతారు.

సంజ్ఞాదేవి భర్త వేడికి తాళలేక, తన నీడను ఇంట్లో నిలబెట్టి పుట్టింటికి వెళ్ళిపోయింది కదా. ఆ నీడే ఛాయాదేవి. స్వామి ఎన్నో ఏళ్ళు నీడతోనే కాపురం చేశాడు. ఒకనాడు గుట్టు తెలిసింది. ఇంట ఉన్నది భార్య కాదు. భార్య ఎక్కడ ఉన్నదో తెలియదు. ఆ సాయంకాలం ఆయన పడమటి కొండకు వెళ్ళకుండా ఈ ఇసుక దిబ్బల మీద దిగి కూర్చున్నాడట. సూరమ్మ అని ఒక ఆడమనిషి, వెనకా ముందూ ఎవరూ లేనిది, ఎండుపుల్లలు ఏరుకుని అటుగా వస్తూ చూసింది. ఎవరో పోల్చుకోలేదు. "నీకూ ఇంటికాడ ఎవరూ లేరా నాయనా" అని, తన గుడిసెలో ఉన్న ఒక్క దీపమూ తెచ్చి ఆయన పక్కన పెట్టింది. లోకానికంతా వెలుతురు ఇచ్చేవాడికి పొద్దుపోయాక దీపం పెట్టినవాళ్ళు అంతకుముందు లేరు. స్వామి అక్కడే నిలిచిపోయాడు.

ఎవరూ లేనిదానికి వంశమేమిటని ఎవరూ అడగరు గాని, సూరమ్మ వంశంవాళ్ళమని చెప్పుకునే కుటుంబం ఒకటి ఆ ఊళ్ళో ఉంది. దీపంవారు అంటారు. ఆ ఇంట తరానికొక ఆడపిల్లను పెళ్ళి చేయకుండా దీపానికి అట్టే పెడతారు. ఒంటరి దేవుడికి ఒంటరి ఆడదే దీపం పెట్టాలని కట్టుబాటు. పొద్దు కుంకగానే ముఖమండపంలో కుడివైపు స్తంభానికి ఉన్న గూట్లో ఆమె ఒంటి వత్తి వెలిగించాలి. ఇళ్ళల్లో ఎవరూ ఒంటి వత్తి వెలిగించరు. అక్కడ మాత్రం అదే ఆచారం. కాపురం చేసుకునే చెయ్యి ఆ దీపం ముట్టుకుంటే ఊళ్ళోవాళ్ళ కళ్ళు పోతాయంటారు. ఒక్క సాయంకాలం తప్పడానికి వీల్లేదు కాబట్టి ఆమె ఊరు దాటి ఒక్క రాత్రి కూడా ఎక్కడా ఉండకూడదు.

దీనికంతటికీ రుజువు ఆ స్తంభం మీదనే ఉందని ఊరి నమ్మకం. గూటికి పైన పాతకాలపు అక్షరాలు చెక్కి ఉన్నాయి. తరతరాల దీపపు మసి వాటి మీద వేలెడు మందాన పేరుకుంది. మసి పట్టని అంచుల్లో రెండే మాటలు పైకి కనబడేవి. పై వరుస చివర "ఒంటరి". నడిమి వరుస పూర్తిగా మసిలో మునిగి, కింద వరుస మొదట "సూరమ". ఎప్పుడో ఎవరో చదివి చెప్పిన ఆ రెండు మాటలూ ఊళ్ళో అందరికీ తెలుసు. ఆ మసిని ఎవరూ కడగరు. చిటికెన వేలితో పైపైన తీసి, ఆముదంతో నూరి, కళ్ళ జబ్బులకు కాటుకగా ఇస్తారు. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ఆదివారాలు దానికోసం వచ్చేవారు.

కూర్మనాథశాస్త్రిగారు అక్కడికి వెళ్ళేనాటికి ఆయనకు ఇరవై ఆరేళ్ళు. గుడి బాగుచేయించబోతూ, సున్నాలూ సిమెంటూ పడకముందే గోడల మీద ఉన్న రాతలన్నిటికీ నకళ్ళు తీయించాలని ధర్మకర్తలు అనుకున్నారు. శాస్త్రిగారికి పాత లిపి చదవడం వచ్చు. నెల రోజులకు పిలిపించారు. తడికాగితం అద్ది, సిరా తట్టి, ఒక్కొక్క రాతకే నకలు తీసుకుంటూ ఆయన మండపం దాకా వచ్చేసరికి రథసప్తమి ఇంక తొమ్మిది రోజులు ఉంది.

అప్పటి దీపం మనిషి పేరు గవరమ్మ. యాభై నాలుగేళ్ళు. పదమూడో ఏట దీపం పట్టింది. అంతకు నెల ముందే అవతలి ఒడ్డున మేనత్త కొడుక్కి ఆమెను ఇవ్వడానికి తాంబూలాలు పుచ్చుకున్నారట. అంతలో అప్పటి దీపం మనిషి పోయింది. ఇంట్లో పెళ్ళికాని పిల్ల ఇంకొకతె లేదు. తాంబూలాలు తిరిగి వెళ్ళిపోయాయి. ఇప్పుడు ఆమె చూపు మందగించింది. వత్తి అనుకుని గూటి అంచును వెలిగించబోయిన రోజులు కూడా ఉన్నాయి. అందుకని తమ్ముడు జగ్గునాయుడి కూతురు అప్పలకొండకు రథసప్తమినాడు దీపం అప్పగించాలని నిశ్చయించారు. ఆ పిల్లకు పద్దెనిమిదేళ్ళు. అత్త దగ్గరే పెరిగింది.

కోటబొమ్మాళి దగ్గర ఊరి నుంచి దాలినాయుడు అనే కుర్రవాడు ఏడాదిగా తల్లి కళ్ళకోసమని ఆదివారం ఆదివారం కాటుక తీసుకుపోయేవాడు. డబ్బీ నింపి ఇచ్చేది అప్పలకొండ. శాస్త్రిగారి ఎదురుగానే ఒకసారి గవరమ్మ అతణ్ణి అడిగింది:

"మీయమ్మకి ఎన్ని కళ్ళు నాయనా?"

"రెండేనమ్మా."

"ఏమో మరి. ఏడాదికి ఏభై డబ్బీలు పట్టికెల్లినావు. ఏనుగుకైనా సరిపోతాయి."

అప్పలకొండ నవ్వు ఆపుకోలేక స్తంభం వెనక్కి వెళ్ళిపోయింది. తరువాతి ఆదివారం అతను రాలేదు. ఇంక రావద్దని ఆ పిల్లే చెప్పిందని అర్చకుడు శాస్త్రిగారితో అన్నాడు.

స్తంభం కడగాలంటే గవరమ్మ ఒప్పుకోవాలి. శాస్త్రిగారు వెళ్ళి అడిగారు.

"కాటుకంతా తీసీస్తావేటి బాబూ?"

"అక్షరాల మీద ఉన్నంతవరకేనమ్మా. రాలినదంతా మీ గిన్నెలోకే."

"తియ్యి. మాయమ్మ సూరమ్మ ఏటి సెప్పుకున్నాదో పూర్తిగా ఇందుము" అని ఆమె ఇత్తడి గిన్నె తెచ్చి కింద పట్టింది. అలా పట్టుకున్నప్పుడు ఆమె ముఖంలో ఎవరో చుట్టాలు వస్తున్నారన్నంత ఎదురుచూపు ఉందని తాతగారు చెప్పేవారట. నలభై ఒక్క ఏళ్ళుగా ఆమెకు తనలాంటి మనిషి లోకంలో ఆ సూరమ్మ ఒక్కతే.

మసి వదలడానికి ఒక పూట పట్టింది. సందెవేళ ఆమె దీపం వెలిగించి స్తంభం మొదట్లో కూర్చుంది. మండపంలో వాళ్ళిద్దరే. శాస్త్రిగారు వేలితో తడుముతూ అక్షరం అక్షరం కూడబలుక్కున్నారు. చదవడం అయిపోయినా ఆయన వెనక్కి తిరగలేదు.

"ఏటి రాసున్నాది బాబూ?"

మొదట ఉన్న శకసంవత్సరమూ చివర ఉన్న పేర్లూ వదిలి, తక్కినది ఆయన ఉన్నది ఉన్నట్టు చదివారు. "ఒంటరి కామినాయకుని ఆలు సూరమ తమ కొడుకులకు పుణ్యముగాను అర్కదేవరకు సందెదీపము పెట్టె."

"ఆలు అంటే?"

"భార్య."

"ఒంటరి అని ఉన్నాది కదేటి. ఒంటరిదానికి మొగుడెలాగుంటాడు?"

"ఆ రోజుల్లో ఒంటరి అంటే రాజుగారి కొలువులో కత్తిపట్టిన బంటు అమ్మా. ఒంటిగా నిలబడి పోరాడేవాడని ఆ పేరు. అది కామినాయకుడి ఉద్యోగం. ఈవిడ ఆయన ఇల్లాలు."

గాలికి దీపం పక్కకు వాలితే గవరమ్మ అలవాటుగా అరచెయ్యి అడ్డం పెట్టింది.

"కొడుకులు ఎంతమంది?"

"నలుగురి పేర్లు ఉన్నాయి."

"సదువు."

"పోతయ, మారయ, ఎఱ్ఱయ, చిట్టయ."

ఆమె ఆ పేర్లు లోలోపల ఒకసారి అనుకుంది. పక్కింటి పిల్లల పేర్లు అనుకున్నట్టే. "ఇల్లంతా సందడిగా ఉండేదన్నమాట" అంది. తరువాత గర్భగుడి వైపు చూసింది. "పోనీ, ఆయన?"

శాస్త్రిగారు చెప్పకుండా ఉండవలసింది. ఇరవై ఆరేళ్ళ వయసు, తెలిసింది చెప్పెయ్యాలనే చదువు. గర్భగుడి కడిగినప్పుడు తాను పీఠం చూశానని, స్వామి పాదాలకు అటొకటీ ఇటొకటీ విగ్రహాలు నిలిపే గుంటలు ఉన్నాయని, దేవేరులు ఎప్పుడో ఏ దండయాత్రలోనో పోయి ఉంటారని చెప్పారు.

"అయితే ముగ్గురిలో ఒంటరి నానొక్కదాన్నేనా బాబూ" అంది గవరమ్మ.

ఆ గొంతులో ఏడుపు లేదు. పొరపాటున వేరే ఇంటికి వచ్చి కూర్చున్న మనిషి సంగతి తెలిశాక అడిగినట్టుంది. శాస్త్రిగారికి ఏదో ఒకటి చెప్పాలనిపించింది. తక్కిన స్తంభాల మీద రాతలన్నీ ఉప్పుగాలికి కరిగిపోయాయనీ, ఇవి ఇంత చక్కగా మిగిలాయంటే ఆమె పెట్టిన దీపం మసి కప్పి కాపాడినందువల్లనేననీ చెప్పారు.

"అచ్చరాలు మిగిలినాయి. మంచిదే" అంది ఆమె. లేస్తూ స్తంభం పట్టుకుని, "రేపు సందేళదాకా ఇది ఎవులికీ సెప్పకు బాబూ" అంది.

ఆయన సరేనన్నారు. అర్చకుడి ఇంట్లో పడుకున్నారు గాని నిద్ర సరిగా పట్టలేదు. ఆ అక్షరాలు చదవగలిగినవాడు ఆ చుట్టుపక్కల తాను తప్ప లేడు. గిన్నెలో ఉన్న మసిని ఆమె తిరిగి అక్షరాల మీద పులిమేస్తే అడిగేవారు లేరు. అప్పుడు రథసప్తమినాడు అప్పలకొండ దీపం పడుతుంది, గవరమ్మ బతుకు ఒక పుణ్యకథగా మిగులుతుంది. చెబితే ఆ పిల్ల బయటపడుతుంది, ఈమె నలభై ఒక్క ఏళ్ళూ ఒక మాటను తప్పుగా చదవడం వల్ల పోయినట్టవుతుంది. ఆమె పులమదలుచుకుంటే తాను నోరెత్తనని ఆ తెల్లవారుజామున ఆయన నిశ్చయించుకున్నారట. అది ధర్మమో కాదో తనకు ఇప్పటికీ తెలియదని నీలాచలంతో అన్నారు.

మర్నాడంతా గవరమ్మ మండపంలోనే కూర్చుంది. శాస్త్రిగారు కొంచెం అవతల నకలు ఆరబెట్టుకుంటున్నారు. మధ్యాహ్నం అప్పలకొండ గంజి తెచ్చింది.

"పిల్లా, ఈ దీపం పట్టాలని ఉన్నాదా నీకు?" అని అడిగింది గవరమ్మ.

"నువ్వు పట్టనేదేటత్తా."

"నన్నెవులూ అడగనేదే. నిన్ను నానడుగుతున్నాను."

అప్పలకొండ గంజిలో ఉప్పు కలుపుతూ ఉండిపోయింది. చివరికి, "కాటుక డబ్బీ నింపీసి ఉంచినాను. ఈవారం ఎవులూ రానేదు" అంది.

"ఉప్పు ఇంక సాల్లే. కడలి సేసీసినావు" అంది గవరమ్మ. ఆ గంజి అంతా తాగింది.

పొద్దు వాలుతుండగా ఆమె కబురు చేసింది. జగ్గునాయుడు వచ్చాడు, అర్చకుడు వచ్చాడు, ఊరి పెద్దలు అయిదారుగురు వచ్చారు. వాళ్ళు వచ్చేసరికి గవరమ్మ చీర కుచ్చెళ్ళు దోపుకుని, చింతపండూ బూడిదా కలిపి స్తంభం తోముతోంది. అక్షరాల మీద శాస్త్రిగారు వదిలేసిన కాస్త మసి కూడా లేకుండా తోమింది. కడవతో నీళ్ళు పోసింది. నల్లరాయి మీద అక్షరాలు నిన్న చెక్కినట్టు తేలాయి.

"సదువు బాబూ" అంది.

ఆయన చదివారు. ఒంటరి అనే మాటకు అర్థం చెప్పారు. పెద్దవాళ్ళలో ఒకాయన గొంతు సవరించుకుని, "రాళ్ళ మీద రాతలకేటిలే గవరమ్మా. ఆచారమంటూ ఒకటొచ్చీసినాక అదే మనకి శాసనం" అన్నాడు.

"ఆచారం ఎందుకెట్టినారు బావా? ఈ రాయిని సూపించే కదా. నన్ను తెచ్చి ఇక్కడ నిలబెట్టిన నాడు మీ నాయిన వేలెట్టి సూపించినాడు, ఒంటరి అని ఉన్నాది సూడమ్మా అని. ఆ మాట ఇక్కడే ఉన్నాది. పక్కన మొగుడు కూడా ఉన్నాడు."

ఎవరో నవ్వబోయి మానుకున్నారు. అర్చకుడు, "రాతి మాట కాదనడానికి మనమెవరం" అన్నాడు నెమ్మదిగా. కళ్ళు పోతాయనే భయం గురించి ఒకరు గొణిగారు. "నలుగురు బిడ్డల తల్లి ఎట్టిన దీపం. అప్పుడు ఎవులి కళ్ళూ పోనేదు" అంది గవరమ్మ.

జగ్గునాయుడు స్తంభం వంక చూడడం లేదు. అక్క చేతుల వంక చూస్తున్నాడు. మోచేతుల దాకా నల్లగా ఉన్నాయి. "అప్పా, మరి నీకు..." అన్నాడు.

"నాకేటి. పిల్లకి ముహూర్తం సూడు. కోటబొమ్మాళోళ్ళని అడుగు. ఆ తల్లి కళ్ళు ఎప్పుడో బాగయిపోయినాయి" అంది గవరమ్మ.

ఊరు కొత్త ఏర్పాటు చేసుకుంది. దీపంవారి ఇళ్ళు పదకొండు. వంతుల ప్రకారం ఒక్కో ఇంటి ఇల్లాలు ఒక్కో సాయంకాలం వచ్చి పెట్టేటట్టు, సూరమ్మ కొడుకుల పుణ్యానికి పెట్టినట్టుగానే తమ బిడ్డల పేరు చెప్పుకుని పెట్టేటట్టు. రథసప్తమి బాగా జరిగింది. పిడకల మీద పాలు పొంగించి, చిక్కుడాకుల్లో పరమాన్నం పెట్టి, పదకొండు ఇళ్ళ ఆడవాళ్ళూ పిల్లలను చంకనెత్తుకుని వచ్చారు. మండపంలో అంత సందడి ఎప్పుడూ లేదని అందరూ అనుకున్నారు. గవరమ్మ ఒక పక్కన నిలబడి చూసింది. ఒక పిల్లవాడు గూట్లో చెయ్యి పెట్టబోతే లాగి పట్టుకుంది. అంతే.

జగ్గునాయుడు అక్కకు ఇంక ఏ కట్టుబాటూ లేదని, పంటలు రాగానే కాశీ తీసుకుపోతానని అందరితో చెప్పుకున్నాడు. "కాశీ దాకా ఎందుకురా, ముందు నీ అత్తారూరు సూపించు. పెళ్ళై పాతికేళ్ళయినాది, నాను సూడనేదు" అందట ఆమె. ఆ మాట అందరూ నవ్వుతూ చెప్పుకున్నారు. నిజంగా ఆమె చూడలేదు.

ఆ రోజుల్లో సాయంకాలాలు ఆమె అరుగు మీద కూర్చుని ఉండడం శాస్త్రిగారు చూసేవారు. చేతులు ఒళ్ళో ఉండేవి. పొద్దు కుంకే వేళకు అవి రెండూ ఒకసారి కదిలి, మళ్ళీ ఒళ్ళో పడుకునేవి. పలకరిస్తే పలికేది. అడిగితే చెప్పేది. ఒకనాడు మాత్రం తనంతట తాను, "అవతలొడ్డునున్న మా బావ పోయి నాలుగేళ్ళయినాదట బాబూ. నిన్ననే సెప్పినారు. ఇన్నాళ్ళూ నాకాడ ఆ పేరు ఎత్తకూడదని ఎవులూ సెప్పనేదు" అంది.

శాస్త్రిగారి పని మాఘమాసం చివరికి గాని పూర్తికాలేదు. ఆయన మూట కట్టుకున్న రోజునే అప్పలకొండ పెళ్ళి. సాయంకాలం గోధూళి లగ్నం. పందిట్లో తాంబూలం పుచ్చుకుని, స్వామికి దణ్ణం పెట్టుకుని బండెక్కుదామని ఆయన గుడికి వెళ్ళారు. ఊరంతా పెళ్ళివారింట్లోనే ఉంది. అర్చకుడు కూడా అక్కడే. ఆ రోజు దీపం వంతు జగ్గునాయుడి ఇంటిది. ఆ ఇంటి ఇల్లాలు కూతురి పెళ్ళి పీటల దగ్గర ఉంది. అందరి వంతూ అయిన పని ఆ సాయంకాలం ఎవరికీ గుర్తు లేదు.

గుడి ఖాళీగా ఉంది. పొద్దు కుంకింది. ముఖమండపంలోకి అడుగు పెట్టబోతూ శాస్త్రిగారు ఆగారు. దిబ్బల మీదుగా గవరమ్మ వస్తోంది. పెళ్ళికి పెట్టిన కొత్త కోక కట్టుకుంది. భుజం మీద అక్షింతలు రాలి ఉన్నాయి. ఇసుకలో తొందరగా నడవలేక ఆయాసపడుతోంది. ఆయనను చూసింది గాని ఆగలేదు. గూడు తడిమి, పాత వత్తి తీసి, నూనె పోసింది. చూపు ఆనక రెండుసార్లు అగ్గిపుల్ల ఆరిపోయింది. మూడోసారికి వెలిగింది.

"వంతువాళ్ళకు కబురు చెయ్యమంటారా అమ్మా?" అన్నారు శాస్త్రిగారు.

"వంతులు నాకు తెలవ్ బాబూ. పొద్దు కుంకినాది" అంది ఆమె. కోకకు నూనె అంటకుండా ఒడిసి పట్టుకుని స్తంభం మొదట్లో కూర్చుంది. ఊళ్ళోంచి సన్నాయి వినబడుతోంది. ఆమె లేచే సూచన కనబడలేదు. ఆయన దణ్ణం పెట్టుకుని వచ్చేశారు.

అంతవరకు చెప్పి తాతగారు ఊరుకున్నారు. వసారాలో ఎండ గోడ పైకి ఎక్కింది. నీలాచలం అడిగాడు:

"ఆ సాయంకాలం ఆవిడ ఎవరి కోసం పెట్టిందండి?"

తాతగారు సాయంసంధ్యకు వేళయిందని లేచి నిలబడ్డారు.

"అది నేను అడగలేదు నాయనా. అంతకుముందు నలభై ఒక్క ఏళ్ళూ పెట్టమన్నవాళ్ళు ఉన్నారు. ఆ సాయంకాలం ఎవరూ లేరు."